సముద్రంలో మంద

ఆలూరు నుంచి ఏ దిక్కుకు పోయినా సముద్రం మూడు వందల కిలోమీటర్ల లోపు తగలదు. మాకు నీళ్ళంటే బోరు, వాన పడితే నిండే కుంట, ఇంకాస్త అదృష్టమున్న ఊళ్ళకు తుంగభద్ర కాలువ. అట్లాంటి చోట పుట్టినవాడు డాల్ఫిన్ల జబ్బుల గురించి రాస్తానంటే ఎవరికైనా నవ్వొస్తుంది. మా జేజినాయనకు కూడా వచ్చింది. ఆయన జీవితమంతా గొర్రెలతోనే గడిచింది. సముద్రాన్ని టీవీలో తప్ప చూడలేదు. కానీ డాల్ఫిన్లను చంపే ఒక వైరస్ గురించి నేను చెబుతూ ఉంటే ఆయన మధ్యమధ్యలో ఆపి నాలుగు ప్రశ్నలు అడిగాడు. తర్వాత చదువుకుంటూ పోతే తెలిసింది, ఆ వైరస్ మీద ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళు తేల్చుకోవడానికి ప్రయత్నించింది కూడా దాదాపు ఆ నాలుగే.

ఈ డాల్ఫిన్ల గొడవ నాకెట్లా తగులుకుందో ముందు చెప్పాలి. బెంగళూరులో నేను చేసేది సబ్‌టైటిళ్ళ పని. ఇంగ్లీషు డాక్యుమెంటరీలకు తెలుగు మాటలు రాస్తాను. స్క్రీను కింద రెండు లైన్లు, అంతకు మించితే చూసేవాళ్ళ కన్ను అందుకోలేదు. ఒకసారి ఒక సముద్రం సినిమా వచ్చింది. అందులో ‘సిటేసియన్ మార్బిల్లీవైరస్’ అనే మాట పదేపదే వస్తుంది. తిమింగలాలు, డాల్ఫిన్లు, పార్పాయిస్‌లు అన్నిటినీ కలిపి సిటేసియన్లు అంటారు కాబట్టి మొదటి సగం ఇబ్బంది లేదు. రెండో సగం దగ్గర ఆగిపోయాను. ‘మార్బస్’ అంటే లాటిన్‌లో రోగం. ‘మార్బిల్లీ’ దానికి చిన్నతనపు రూపం, అంటే చిన్నరోగం. మధ్యయుగాల ఐరోపాలో తట్టును అట్లా పిలిచేవాళ్ళు. పెద్దరోగమంటే వాళ్ళకు ప్లేగు.

మా పక్క పెద్దరోగమంటే వేరే. మనుషులది కాదు, పశువులది. కళ్ళు, ముక్కు కారి, నోరు పుండ్లుపడి, విరేచనాలతో నాలుగు రోజుల్లో ఎద్దు కూలబడిపోయే రోగం. జేజినాయన చిన్నప్పుడు ఊళ్ళో కాడికి ఎద్దుల్లేక సేద్యం నిలిచిపోయిన ఏడొకటి ఉండిందని, సుంకులమ్మకు జాతర చేశారని చెబుతాడు. ఇంగ్లీషు పుస్తకాల్లో దాని పేరు రిండర్‌పెస్ట్. జర్మన్ మాట, పశువుల ప్లేగు అని అర్థం. ఆ వైరస్, తట్టు వైరస్ ఒకే ఇంటివి. వేరువేరు భాషల్లో, వేరువేరు జీవాలకొచ్చిన రోగాలకు జనం పెట్టుకున్న చిన్నరోగం, పెద్దరోగం అనే పేర్లు చివరికి ఒకే కుటుంబానికి చెందాయి.

ఆ ఇంట్లో ఇంకెవరున్నారా అని చూస్తే, కుక్కలకొచ్చే డిస్టెంపర్ ఉంది. సీల్‌లకు వచ్చేదొకటి ఉంది. డాల్ఫిన్లది ఉంది. గొర్రెలకు, మేకలకు వచ్చే పీపీఆర్ ఉంది. ఆ చివరిదాని పేరు ఫ్రెంచి వాళ్ళు పెట్టింది, ‘చిన్న నెమరు జంతువుల ప్లేగు’ అని. మావాళ్ళు దాన్ని పారుడు రోగం అంటారు. ఆ పేరు చదివాక ఆ రోజు ఇంక పని సాగలేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

*

జేజినాయన మొదటి ప్రశ్న: “అవి గూడ మందగానే తిరుగుతాయా?”

తిరుగుతాయి. మధ్యధరా సముద్రంలోని చారల డాల్ఫిన్లు పదులుగా, ఒక్కోసారి వందలుగా కలిసి పోతాయి. అన్నీ ఊపిరి కోసం పైకి రావాల్సిందే. పక్కపక్కనే తేలి, తల మీదున్న రంధ్రంలోంచి గాలిని బలంగా బయటికి వదులుతాయి. ఒకటి వదిలిన తుంపర పక్కదాని ఊపిరిలోకి పోతుంది. నీళ్ళలో ఉన్నా, ఈ రోగం పాకేది గాలిలోనే.

“ఒంటి జీవానికి ఈ రోగం నిలవదు నాయనా. మంద ఉండాల” అన్నాడాయన. తట్టు గురించి అంటువ్యాధుల లెక్కలు కట్టేవాళ్ళు చెప్పేది ఇదే. తట్టు ఒకసారి వచ్చిన మనిషికి జన్మలో మళ్ళీ రాదు. కాబట్టి ఆ వైరస్‌కు ఎప్పుడూ కొత్త పిల్లలు కావాలి. రెండున్నర లక్షల నుంచి ఐదు లక్షల దాకా జనం ఉన్న ఊరైతేనే, ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట ఇంకా తట్టు రాని పిల్ల దొరుకుతుంది. అంతకంటే చిన్న ఊళ్ళో అందరినీ తాకి, తాకడానికి ఎవరూ మిగలక, ఆరిపోతుంది.

బెర్లిన్‌లోని ఒక వైద్య మ్యూజియంలో 1912లో తట్టుతో చనిపోయిన రెండేళ్ళ పాప ఊపిరితిత్తులు సీసాలో భద్రంగా ఉన్నాయి. అందులోంచి వైరస్ జన్యువును బయటికి తీసి, ఇప్పటి తట్టుతో, పశువుల పెద్దరోగంతో పోల్చి 2020లో ఒక అంచనా వేశారు. క్రీస్తు పూర్వం ఆరో శతాబ్దం ప్రాంతంలో తట్టు వైరస్, పెద్దరోగం వైరస్ దారులు విడిపోయాయట. లక్షల జనంతో నగరాలు పెరుగుతున్న కాలం కూడా దాదాపు అదే. పశువులను ఇంట్లో కట్టేసుకున్నాం, మనమూ మందగా మారాం. ఆ వైరస్‌కు రెండూ అందాయి.

సముద్రంలో నగరాలు లేవు. మరి వైరస్ ఎక్కడ దాక్కుంటుంది? పైలట్ తిమింగలాల్లో ఉండొచ్చునని చాలామంది శాస్త్రజ్ఞుల ఊహ. అవి పెద్ద గుంపులుగా తిరుగుతాయి, సముద్రాల మధ్య దూరాలు పోతాయి, వేరే జాతుల డాల్ఫిన్లతో కలుస్తాయి. ఊరూరూ తిరుగుతూ అన్ని మందలనూ పలకరించే వలస మందలాంటివన్న మాట. ఇట్లా చెప్పాక జేజినాయనకు ఇంక వివరించాల్సిన పని లేకపోయింది.

*

రెండో ప్రశ్న: “ముక్కు కారేది నీళ్ళల్లో ఎట్ల కనపడ్తాది?”

కనపడదు. అందుకే చాలా ఏళ్ళు దీన్ని ఎవరూ పట్టుకోలేదు. డాల్ఫిన్ జబ్బు పడిందని మనకు తెలిసేది అది ఒడ్డుకు కొట్టుకొచ్చాకే. కోసి చూస్తే ఊపిరితిత్తులు గట్టిపడి ఉంటాయి. కొన్నిట్లో మెదడు వాస్తుంది. రోగనిరోధక కణాలు తుడిచిపెట్టుకుపోయి, మామూలుగా ఏమీ చేయలేని బూజు కూడా వాటిని తినేస్తుంటుంది.

ఇక్కడ 1987, 1988 సంవత్సరాల గురించి చెప్పాలి. 1987 వేసవిలో అమెరికా తూర్పు తీరంలో డాల్ఫిన్ల శవాలు కొట్టుకురావడం మొదలైంది. మరుసటి ఏడు వేసవి లోపల 740కి పైగా లెక్క తేలాయి. సముద్రంలో పెరిగే ఒక నాచు విషమే కారణమని అప్పుడు తీర్మానించారు. దాచిపెట్టిన కణజాలాన్ని తర్వాత మళ్ళీ పరీక్షిస్తేగానీ మార్బిల్లీవైరస్ బయటపడలేదు. అదే కాలంలో సైబీరియాలోని బైకాల్ సరస్సులో సీల్‌లు వేలల్లో చచ్చిపోయాయి. వాటిని చంపింది కుక్కల డిస్టెంపర్. 1988లో ఉత్తర సముద్రంలో దాదాపు 18 వేల సీల్‌లు పోయాయి. అది కొత్త వైరస్, అదే కుటుంబం. ఐర్లండ్ తీరంలో చచ్చిపడిన పార్పాయిస్‌లలో కూడా ఆ ఏడే ఇంకొక కొత్త చుట్టం దొరికింది.

మన దగ్గర కూడా ఇదే జరిగింది. 1987లో తమిళనాడులోని అరసూరు అనే పల్లెలో గొర్రెలకు పెద్దరోగంలాంటిదొకటి వచ్చింది. పశువుల రోగమే గొర్రెలకు సోకిందని అంతవరకూ అనుకునేవాళ్ళు. మద్రాసు పశువైద్యులు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎం.ఎస్. షైలా బృందం కలిసి అది పెద్దరోగం కాదు, పీపీఆర్ అని తేల్చారు. పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్టులో 1942లోనే గుర్తించిన రోగం అది. మన దేశంలో దాని ఉనికి రుజువైంది అరసూరులోనే.

అట్లాంటిక్ డాల్ఫిన్లకూ, అరసూరు గొర్రెలకూ ఒకదానినుంచి ఒకటి అంటుకోలేదు. అట్లా అనుకోవడం తప్పు. రెండు చోట్లా జరిగింది ఒకటే: రోగం ఉంది, దాని మీద వేరే పేరు రాసి ఉంది.

*

ఈ వైరస్‌లు ఇన్ని రకాలుగా ఎట్లా చీలాయన్నది నాకు అన్నిటికంటే ఆసక్తిగా తోచిన సంగతి. మనిషి జన్యువుల పుస్తకం 300 కోట్ల అక్షరాలు. ఈ వైరస్‌లది దాదాపు 16 వేలు. ఈ వ్యాసంలోని అక్షరాలకంటే మరీ ఎక్కువేం కాదు. జన్యువులు ఆరే. అది ఆర్‌ఎన్‌ఏలో రాసి ఉంటుంది కాబట్టి నకలు తీసేటప్పుడు అచ్చుతప్పులు దిద్దే ఏర్పాటు లేదు. ప్రతి నకలులో ఎక్కడో ఒక అక్షరం మారొచ్చు. మారినవాటిలో ఎక్కువభాగం పనికిరాక పోతాయి. కొన్ని నిలుస్తాయి.

ఏది నిలవాలో తేల్చేది తలుపు. మన రోగనిరోధక కణాల మీద ‘స్లామ్’ అనే ప్రొటీను ఉంటుంది. ఈ కుటుంబంలోని వైరస్‌లన్నీ లోపలికి పోయేది ఆ తలుపు గుండానే. ఇంటిని కాపలా కాసేవాణ్ణే మొదట పట్టుకుంటాయి. గొర్రె స్లామ్‌కు, కుక్క స్లామ్‌కు, డాల్ఫిన్ స్లామ్‌కు తేడాలు కొద్దిగానే ఉంటాయి. వైరస్ తాళంచెవిలో ఒకటి రెండు పళ్ళు మారితే పక్కింటి తలుపు తెరుచుకోవచ్చు. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో 20కి పైగా సింహాలు చనిపోయినప్పుడు వాటిలో దొరికింది కుక్కల డిస్టెంపరే.

సముద్రంలోనూ ఇదే చీలిక నడుస్తోంది. డాల్ఫిన్లది, పార్పాయిస్‌లది, పైలట్ తిమింగలాలది అని మొదట మూడు రకాలు పేర్కొన్నారు. తర్వాత హవాయిలో ముక్కు తిమింగలంలో ఇంకొకటి, బ్రెజిల్ తీరపు గయానా డాల్ఫిన్లలో ఇంకొకటి దొరికాయి. ఈ బ్రెజిల్ రకం 2017 చివర్లో రియో దగ్గరి అఖాతాల్లో విజృంభించి, కొద్ది నెలల్లో 200కు పైగా డాల్ఫిన్లను చంపింది. 2018లో హవాయి ఒడ్డున ఒక ఫ్రేజర్ డాల్ఫిన్ చచ్చిపడితే అందులో మరో కొత్త రకం. ఒక్క శవం ఒడ్డుకొస్తే ఒక కొత్త కొమ్మ తెలిసింది. డాల్ఫిన్లలో వైరస్ కుటుంబాలు ఇదొక్కటే కూడా కాదు. చర్మం మీద పచ్చబొట్టులాంటి మచ్చలు వేసే పాక్స్ వైరస్ ఉంది, హెర్పిస్ ఉంది. పక్షుల కరోనావైరస్‌లకు దగ్గరి చుట్టమైన కరోనావైరస్ ఒకటి ఉంది. 2022లో ఫ్లోరిడాలో చనిపోయిన ఒక డాల్ఫిన్ మెదడులో బర్డ్ ఫ్లూ దొరికింది.

గొర్రెల వైరస్‌కు, డాల్ఫిన్ల వైరస్‌కు చుట్టరికం సరే, గొర్రెకూ డాల్ఫిన్‌కూ ఏమన్నా ఉందా? ఉంది. ఆ కథలో మన దేశపు మనిషి ఒకడున్నాడు. ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త జమ్మూ కశ్మీరులోని కాలాకోట్ దగ్గర రాళ్ళు సేకరించి, అందులోని ఒక చిన్న జంతువుకు 1971లో ‘ఇండోహ్యూస్’ అని పేరు పెట్టాడు. ఇంకా పగలగొట్టని రాళ్ళు ఆయన ఇంట్లోనే మిగిలిపోయాయి. ఆయన పోయాక ఆయన భార్య వాటిని కాపాడి, హాన్స్ థెవిసెన్ అనే శాస్త్రజ్ఞుడికి అప్పగించింది. శుభ్రం చేస్తుంటే ఒక పుర్రె చెవి దగ్గర విరిగింది. విరిగినచోట కనిపించిన ఎముక మందం తిమింగలాల్లో తప్ప కనిపించనిది. దాదాపు 4.8 కోట్ల ఏళ్ళ కిందటి, పిల్లి అంత జంతువు అది. గొర్రెలు, ఆవులు, జింకలు ఉన్న గిట్టల జంతువుల వంశం నుంచే తిమింగలాలూ డాల్ఫిన్లూ వచ్చాయన్నదానికి అది బలమైన సాక్ష్యం. 2007లో ప్రకటించారు.

అంటే డాల్ఫిన్ చేపకు చుట్టం కాదు, గొర్రెకు చుట్టం. వైరస్ చుట్టరికం అంత పాతది కాదు, అది వేల ఏళ్ళ సంగతి, ఒక జీవం నుంచి ఇంకొక జీవానికి దూకుతూ వచ్చింది. కానీ రెండు జీవాల ఒంట్లో తలుపులు ఒకే వడ్రంగి చేసినట్టు ఉంటే, దూకడానికి దారి సులువవుతుంది.

*

మూడో ప్రశ్న: “బతికినవాటికి మళ్ళా వస్తాదా?”

రాదు. అందులోనే ఇంకో ప్రమాదముంది. 1987, 88లో బతికి బయటపడిన డాల్ఫిన్లకు రక్షణ ఉండింది. ఏళ్ళు గడిచేకొద్దీ అవి ముసలివై పోయాయి, కొత్తవి పుట్టాయి. కొత్తవాటికి ఆ రోగం తెలియదు. పాతికేళ్ళకు, 2013లో, అదే తీరంలో మళ్ళీ మొదలై, 2015 దాకా 1,600కు పైగా ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మధ్యధరాలో 1990లో వాలెన్సియా దగ్గర మొదలైంది రెండేళ్ళలో టర్కీ దాకా పోయింది. అక్కడ చచ్చిన డాల్ఫిన్ల కొవ్వులో పీసీబీలనే పారిశ్రామిక విషాలు విపరీతంగా ఉన్నాయని తర్వాత తేలింది. ఆ విషాలు రోగనిరోధక శక్తిని కుంగదీస్తాయి. వైరస్ సముద్రానిదే, విషాలు ఫ్యాక్టరీలవి.

ఇప్పుడు మా మంద సంగతి. నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు మాకు అరవై రెండు గొర్రెలుండేవి. సంక్రాంతి దాటాక మా పక్క మేత అయిపోతుంది. మందలు తుంగభద్ర ఆయకట్టు వైపు కదులుతాయి. వరి కోసిన చేలల్లో రాత్రిపూట మంద కడితే రైతు గింజలో డబ్బులో ఇస్తాడు, గొర్రెకు మేత దొరుకుతుంది. ఆ ఏడు మా ఊళ్ళో టీకాలు వేసినప్పుడు మా మంద ఊళ్ళో లేదు. తిరిగొచ్చే దారిలో ఒక సంతలో అమ్ముడుపోని పొట్టేళ్ళు నాలుగు ఇంకొకాయన మంద నుంచి వచ్చి కలిశాయి. పది రోజులకు మొదటి గొర్రె తల వంచి నిలబడింది. కళ్ళల్లో పుసి, నోటి నిండా తెల్లటి పొర, పారుడు. జేజి గంజి పోసింది, దానిమ్మ తొక్క కషాయం పోసింది. వైరస్‌కు మందు లేదు, మీద వచ్చే జబ్బులకే మందులని డాక్టరు సూదులు ఇచ్చాడు. నెల తిరిగేసరికి పద్దెనిమిది మిగిలాయి. మా అక్క నర్సింగు చదువు ఆ ఏడు ఆగిపోయింది, మళ్ళీ మొదలుకాలేదు. గొర్రెలున్న ఇంట్లో మంద అంటే బ్యాంకు. బ్యాంకు నెల రోజుల్లో చచ్చిపోయింది.

ఆ రోగం పేరు మళ్ళీ నాకు ఎదురైంది బెంగళూరులో, డాల్ఫిన్ల సినిమా పనిలో. అందుకే ఆ రోజు పని సాగలేదు.

*

నాలుగో ప్రశ్న: “వాటికి సూది ఉందా?”

లేదు. సముద్రంలో స్వేచ్ఛగా తిరిగే డాల్ఫిన్లను పట్టి టీకా వేయడం ఎవరివల్లా కాదు. శవాలు లెక్కపెట్టడం, నమూనాలు తీయడం, సముద్రంలోకి విషాలు వదలకుండా చూడడం, అంతే మనం చేయగలిగింది. “పాపం” అన్నాడు జేజినాయన. కాసేపు ఆగి, “మనదానికి ఉంది గదా” అన్నాడు.

మనదానికి ఉంది. బాగా పనిచేసేది ఉంది. పెద్దరోగం సంగతి చూస్తే తెలుస్తుంది. హిమాలయాల్లోని ముక్తేశ్వర్‌లో 1920లలో జె.టి. ఎడ్వర్డ్స్ అనే ఆయన పెద్దరోగం వైరస్‌ను మేకల ఒంట్లో వందలసార్లు దాటించి, పశువుకు తట్టుకోగలిగేంత మెత్తబరిచి టీకాగా మార్చాడు. 1960 ప్రాంతంలో కెన్యాలో వాల్టర్ ప్లోరైట్ అంతకంటే మంచి టీకా చేశాడు. మన దేశం 1954లో నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. చివరి కేసు 1995లో. ప్రపంచంలో చివరిది 2001లో కెన్యాలో. 2011లో రిండర్‌పెస్ట్ భూమి మీద లేదని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి పూర్తిగా తుడిచేసిన రెండో రోగం అది. మా ఊరి పెద్దరోగం ఇప్పుడు జేజినాయన వయసువాళ్ళ మాటల్లో తప్ప ఎక్కడా లేదు.

పీపీఆర్‌ది కూడా అదే కొలత. ముక్తేశ్వర్‌లో తయారైన టీకా, మన దేశపు మేకలోంచి తీసిన వైరస్‌తోనే చేసింది. నాలుగు నెలలు దాటిన పిల్లకు చర్మం కింద ఒక మిల్లీలీటరు. ఒక్క సూది గొర్రె బతుకులో చాలా భాగానికి చాలుతుంది. వైరస్‌కు ఒంటి బయట ఎక్కువసేపు బతికే శక్తి లేదు. 2010లో కేంద్రం నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. 2030కల్లా ప్రపంచంలో ఇది లేకుండా చేయాలని 2015లో అంతర్జాతీయంగా లక్ష్యం పెట్టుకున్నారు.

శాస్త్రం చేయాల్సిన కష్టమైన పని అయిపోయింది. మిగిలింది మంచుపెట్టె, బండి, మనిషి, తేదీ. కష్టమంతా తేదీ దగ్గరే ఉంది. టీకా ఊరికి వస్తుంది, మంద ఊళ్ళో ఉండదు. గొర్రె పిల్లలు ఏడాది పొడవునా పుడతాయి, టీకా కార్యక్రమం ఏడాదికోసారి. లెక్కలో నూటికి తొంభై వేశామని ఉన్నా, వేయనివి చెల్లాచెదురుగా లేవు, అన్నీ కలిసి ఒకే మందలో తిరుగుతున్నాయి. వైరస్‌కు అది చాలు. పైలట్ తిమింగలాలు సముద్రంలో చేస్తాయంటున్న పనిని ఇక్కడ వలస మందలు చేస్తాయి. తేడా ఏమంటే, వీటి దారులు మనకు తెలుసు. ఏ నెలలో ఏ కాలువ కింద ఉంటాయో ఏ గొర్రెలాయన్ని అడిగినా చెబుతాడు. అడిగి రాసుకోవడానికి పెద్ద సైన్సు అక్కర్లేదు.

మా ఇంట్లో ఇప్పుడు నలభై దాకా ఉన్నాయి. డిసెంబరు రాగానే జేజినాయన పశువుల ఆసుపత్రి పిల్లవాడికి ఫోన్ చేసి, ఫలానా తారీఖు కదులుతున్నాం, ఈలోగా రా అని చెబుతాడు. వచ్చినవాడికి జేజి జొన్నరొట్టె పెడుతుంది. సూది పడిన గొర్రెకు చెవి దగ్గర రంగు పూస్తారు. పూయని పిల్లలు ఎన్ని, వాటికి నాలుగు నెలలు ఎప్పుడు నిండుతాయి అన్నది గోడ మీది క్యాలెండర్లో మా అక్క రాసిపెడుతుంది. పోయినసారి చూసినప్పుడు అందులో పదకొండు పిల్లల పేర్లున్నాయి, ఏప్రిల్ కింద.